బంగారాన్ని మించిన స్టీలు

పెళ్లిలో చదివించే స్టీలు గ్లాసు మీద ఇచ్చినవారి పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కించడం బరంపురం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి స్టీలంటే వంటగది, బంగారమంటే బీరువా. అందుకే, ఇక్కడి వ్యాపారుల పిల్లలు కొందరు పది లక్షలు పైబడిన స్టీలు వాచీ కోసం హైదరాబాదులో పేరు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూస్తుంటే పెద్దలకు మింగుడు పడడం లేదు. ‘ఆ డబ్బుతో బంగారుదే కొనుక్కోవచ్చు కదరా’ అన్నారు మా పెదనాన్న. ‘బంగారుది దొరుకుతుంది పెదనాన్నా, స్టీలుదే దొరకదు’ అన్నాడు మనవడి వరసైన కుర్రాడి తండ్రి.

ఈ తలకిందుల లెక్కకు మూలం ఒక భయం. 1969 క్రిస్మస్ రోజున జపాన్‌కు చెందిన సీకో కంపెనీ క్వార్ట్జ్ వాచీని, అంటే మనం బ్యాటరీ వాచీ అనేదాన్ని, మార్కెట్లోకి తెచ్చింది. కీ ఇచ్చే వాచీల మీద బతుకుతున్న స్విస్ పరిశ్రమ కింద నేల కదిలింది. 1970 ప్రాంతంలో అక్కడ సుమారు 90 వేల మందికి ఉన్న ఉపాధి, 80ల నడుమకు వచ్చేసరికి మూడో వంతుకు పడిపోయింది.

ఆ కలవరం మొదలైన రోజుల్లోనే ఒడెమార్ పిగే అనే స్విస్ కంపెనీ ఎదురీదింది. జెరాల్డ్ జెంటా అనే రూపశిల్పి ఒక్క రాత్రిలో గీశానని చెప్పుకున్న ‘రాయల్ ఓక్’ అనే స్టీలు వాచీని 1972లో బాసెల్ వాచీల ప్రదర్శనలో పెట్టింది. ఎనిమిది పలకల చట్రం, దాని మీద పైకి కనిపించే ఎనిమిది మరలు, కేసులోంచే సాగినట్టుండే చైను. వెడల్పు 39 మిల్లీమీటర్లు, ఆ కాలానికి అది పళ్లెమంత. ధరేమో మామూలు బంగారు వాచీలను మించినది. నవ్వినవారే ఎక్కువ, అమ్మకాలు నత్తనడక నడిచాయి.

ఆ ధరలో దగా ఎంత, పనితనం ఎంత? నా మటుకు పనితనమే ఎక్కువ అంటాను. బంగారం మెత్తన, చెప్పినట్టు వింటుంది. స్టీలు వినదు. తొలి నమూనాలను తెల్ల బంగారంతో చేసుకున్నది అందుకే. ఒక తలం గీతలు గీతలుగా మసకగా, పక్కనున్న సన్నని అంచు అద్దంలా ఉండాలి. రెండూ కలిసే గీత కత్తి వాదరలా తెగాలి. వాచీ విలువ చాలావరకు ఆ గీతలోనే ఉంది.

1976లో పాటెక్ ఫిలిప్ అనే మరో స్విస్ కంపెనీ ‘నాటిలస్’ తెచ్చింది. గీసింది మళ్లీ జెంటాయే. లోకంలోని అతి ఖరీదైన వాచీల్లో ఒకటి స్టీలుతో చేసిందని ఆ కంపెనీ ప్రకటనల్లో గొప్పగా చెప్పుకుంది. తర్వాతి కథ పనితనానిది కాదు, కొరతది. స్టీలు వాచీల వాటాను ఆ కంపెనీ కావాలనే హద్దులో ఉంచుతుంది. 2006లో వచ్చిన నాటిలస్ 5711 మోడల్‌ను 2021లో ఆపేసింది. ఆ డిసెంబరులోనే టిఫనీ అనే అమెరికా నగల కంపెనీ గుర్తుగా వాడే నీలం రంగు ముఖమున్న ఒకటి వేలంలో సుమారు 65 లక్షల డాలర్లు పలికింది. 2022 వేసవి నుంచి సెకండ్‌హ్యాండ్ వాచీల ధరలు జారాయి. శిఖరం మీద కొన్నవారు ఇప్పుడు ఆ ఊసెత్తరు.

మన వైపు చరిత్ర వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అప్పట్లో చేతి గడియారమంటే వెస్ట్ ఎండ్, ఫేవర్ లూబా. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతులకు కళ్లెం పడింది. 1961 నుంచి బెంగళూరు హెచ్‌ఎంటీ అల్లుళ్ల ముంజేతికెక్కింది. విదేశీ సరుకు కావాలంటే ఓడ ఉద్యోగమున్న చుట్టం ఉండాలి. 2001లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు పోయాకే షోరూములు తలుపులు తెరిచాయి. 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటిన వాచీ కొంటే ఒక శాతం పన్ను అమ్మేచోటే వసూలవుతోంది. అదే ఏడాది అక్టోబరులో స్విట్జర్లాండ్ తదితర దేశాలతో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం వల్ల స్విస్ వాచీల మీద సుంకం ఏటా కొంత తగ్గుతూ పోతుంది.

ఇచ్ఛాపురంలో ఉండే మా మావయ్య ఓడ మనిషే. ఆయన తెచ్చుకున్న స్టీలు ఒమేగా గీతలు పడిందని, కూతురి పెళ్లికి ముందు బరంపురంలో పాలిష్ చేయించారు. గిన్నెలు రుద్దే చక్రం మీదే రుద్దారు కాబోలు, తళతళలాడుతూ వచ్చింది. పోయినేడు కొనేవాడొకడు కంటికి భూతద్దం బిగించి, బెల్టు తగిలించే కొమ్ములను వేలితో తడిమాడు. అంచులు సబ్బుబిళ్లలా గుండ్రబడ్డాయి, వెనక మూత మీది అక్షరాలు సగం అరిగాయి. గీతలతోనే ఉంచి ఉంటే రెట్టింపు ఇచ్చేవాణ్ణని చెప్పి లేచాడు. మావయ్య వాచీని పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ చేతికి పెట్టుకున్నారు. ‘గీతలకు డబ్బులేమిటిరా’ అని నన్ను అడిగారు.