అన్యభాషలు రాలేదని దిగులుపడే పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

మొన్న ప్రార్థన కూడిక ముగిశాక మీలో ఒకరు నా కుర్చీ పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు: "తాతయ్యా, అందరూ అన్యభాషలతో ప్రార్థన చేశారు, నాకు మాత్రం రాలేదు. దేవుడికి నేనంటే ఇష్టం లేదా?" తల నిమిరి పంపించాను గాని, అది జవాబు కాదని నాకు తెలుసు. ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని అడగలేకపోయినవాళ్లు మీలో ఇంకొందరు ఉంటారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇష్టమే. అన్యభాషలంటే, ప్రార్థనలో ఎన్నడూ నేర్చుకోని, తమకే తెలియని మాటలు నోట రావడం; అది పరిశుద్ధాత్మ ఇచ్చే వరమని నమ్ముతారు. నాకూ ఆ అన్యభాషలు రాలేదు. యాభై ఏళ్లుగా ప్రార్థన చేస్తున్నాను, దేవుడు నన్ను దూరం పెట్టినట్లు ఒక్కనాడూ అనిపించలేదు.

ఇప్పుడు మొదటికి వెళ్దాం. ఈ భాషల కథ పెంతెకొస్తు పండుగ రోజున మొదలైంది. పెంతెకొస్తు అంటే గ్రీకులో 'యాభయ్యవది'. పస్కా తరువాత యాభయ్యవ రోజున యూదులకు కోత పండుగ. ఆ పండుగకు యెరూషలేము నిండా దూరదేశాల నుంచి వచ్చినవాళ్లే. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, ఐగుప్తు నుంచి వచ్చినవాళ్లు, రోమా నుంచి వచ్చినవాళ్లు, క్రేతీయులు, అరబీయులు. ఆ రోజు యేసు శిష్యులు పరిశుద్ధాత్మతో నిండి మాట్లాడుతుంటే, ఒక్కొక్కరికీ తమ తమ సొంత భాష వినిపించిందని అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చెబుతుంది. ముక్కూ ముఖం తెలియని జనం మధ్య నడుస్తున్నారు, చుట్టూ అర్థం కాని మాటలు, హఠాత్తుగా మీ అమ్మ మాట్లాడే భాష చెవిన పడింది. ఎలా ఉంటుంది? తల తిప్పకుండా ఉండగలరా? వాళ్లకూ అలాగే జరిగింది. కొందరు మాత్రం వీళ్లు తాగి ఉన్నారని వెక్కిరించారు. శిష్యుల్లో ఒకడైన పేతురు లేచి, ఇంకా పొద్దున్న తొమ్మిదే కదా అయింది, తాగడమేమిటని బదులిచ్చాడు.

అక్కడ అర్థం చెప్పేవారి అవసరం రాలేదని గుర్తుంచుకోండి. వినేవాళ్లకు నేరుగా అర్థమైంది.

దాదాపు ఇరవై ఏళ్ల తరువాత గ్రీసులోని కొరింథు సంఘంలో కనిపించేది వేరు. అక్కడ ఒకరు లేచి మాట్లాడితే పక్కవారికి ఒక్క ముక్క అర్థం కాదు. మరొకరు అర్థం చెబితే తప్ప తెలియదు. పైగా ఆ వరం ఉన్నవాళ్లు లేనివాళ్లను చిన్నచూపు చూడటం మొదలైంది. అప్పుడు ఆ సంఘాన్ని స్థాపించిన పౌలు రాసిన ఉత్తరమే మనం మొదటి కొరింథీయులకు అని పిలిచేది. అందులో 12, 13, 14 అధ్యాయాలను ఒకే బిగిన చదవండి. మన కూడికల్లో పదమూడో అధ్యాయాన్ని విడిగా తీసి పెళ్లిళ్లలో చదువుతాం గాని, పౌలు దాన్ని పెళ్లి కోసం రాయలేదు. భాషల విషయంలో గొడవపడుతున్నవాళ్లకు రాశాడు. ప్రేమ లేకపోతే దేవదూతల భాష మాట్లాడినా మోగే కంచుతో సమానమని అన్నది ఆ గొడవ మధ్యలోనే.

పౌలు భాషలను తప్పుపట్టలేదు. మీ అందరికంటే నేనే ఎక్కువగా మాట్లాడతానన్నాడు, ఆటంకపరచవద్దన్నాడు. కాని సంఘంలో మాత్రం అర్థం కాని పదివేల మాటల కంటే, ఇతరులకు అర్థమయ్యే అయిదు మాటలే తనకు మేలన్నాడు. మాట్లాడితే ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తరువాత ఒకరు. అర్థం చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండి తనతోను దేవుడితోను మాట్లాడుకోవాలి. ఈ నియమాలను పట్టించుకోని కూడికల్లో నేను కూర్చున్నాను. వందమంది ఒకేసారి గొంతెత్తుతుంటే, అప్పుడే మొదటిసారి లోపలికి వచ్చినవారి ముఖంలో కనిపించే భయం నాకు తెలుసు. బయటివారు వస్తే మీకు పిచ్చి పట్టిందనుకోరా అని పౌలు అడిగింది దాని గురించే.

పన్నెండో అధ్యాయం చివర ఇంకొక ప్రశ్న ఉంది: అందరూ భాషలతో మాట్లాడుతున్నారా? 'కాదు' అన్న జవాబునే ఆశిస్తూ అడిగే తీరు గ్రీకులో ఒకటుంది. పౌలు వాడింది అదే. మనం "అందరూ వైద్యులే అవుతారా ఏమిటి?" అన్నట్లు. మొన్న నన్ను అడిగిన బిడ్డకు ఈ ఒక్క వాక్యం చూపించాలని నా ఆరాటం.

ఆ తరువాత ఈ వరం గురించిన మాట క్రమంగా పలచబడింది. నాలుగో శతాబ్దంలో యోహాను క్రిసోస్టొమ్ అనే బోధకుడు ఈ అధ్యాయాలపై ప్రసంగిస్తూ, అప్పుడు జరిగినవి ఇప్పుడు జరగడం లేదు కనుక ఈ భాగం చాలా అస్పష్టంగా ఉందన్నాడు. అపొస్తలులతోనే ఆ వరం ఆగిపోయిందని నమ్మే సంఘాలు నేటికీ ఉన్నాయి. ఆగలేదని నమ్మేవీ ఉన్నాయి. రెండు వైపులా దేవుణ్ణి మనసారా ప్రేమించేవాళ్లను చూశాను.

అన్యభాషలకు పెద్దపీట వేసే ఇప్పటి పెంతెకొస్తు సంఘాల కథ అమెరికాలో ఎక్కువగా 1901 జనవరి 1 నుంచి మొదలుపెట్టి చెబుతారు. కాన్సస్ రాష్ట్రంలోని టొపేకాలో చార్లెస్ పారమ్ నడిపిన చిన్న బైబిల్ పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని అన్యభాషలతో మాట్లాడింది. పరిశుద్ధాత్మ బాప్తిస్మానికి, అంటే పరిశుద్ధాత్మతో నిండడానికి, ఇదే గుర్తు అని పారమ్ బోధించాడు. తరువాత హ్యూస్టన్‌లో ఆయన పాఠాలు చెబుతున్నప్పుడు విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడు నేర్చుకోవడానికి వచ్చాడు. ఆయన తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. తెల్లవారితో కలిసి తరగతిలో కూర్చునే హక్కు ఆయనకు లేదు. తలుపు బయట, నడవాలో కూర్చుని విన్నాడు. నాకు ఈ మొత్తం చరిత్రలో మరవలేనిది ఆ తెరిచి ఉంచిన తలుపే.

అదే సేమూర్ 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో, ఒక పాత భవనంలో కూడికలు మొదలుపెట్టాడు. నల్లవారూ తెల్లవారూ ఒకే నేల మీద మోకరించారు. ఆ రోజుల్లో అది భాషల కంటే పెద్ద వింత. చూడటానికి వచ్చిన పారమ్‌కు ఆ కలయికే నచ్చలేదు. కటువుగా విమర్శించి వెళ్లిపోయాడు. భాషల గురించి అంత బోధించినవాడికి పక్కన మోకరించిన మనిషిని ఒప్పుకోవడం సాధ్యపడలేదు. కోపం, చాడీలు విడిచిపెట్టనివారికి ఎన్ని భాషలు వచ్చినా లెక్కలేదని అజూసా వీధి కూడికల పత్రిక ఆ రోజుల్లోనే రాసింది.

తమకు వచ్చిన అన్యభాష ఏదో దేశపు భాషే అనుకుని, అక్కడ సువార్త చెప్పాలని ఓడ ఎక్కినవాళ్లూ అప్పట్లో ఉన్నారు. దిగాక అక్కడివారికి ఏమీ అర్థం కాలేదు. కొందరు తిరిగి వెళ్లారు, కొందరు కూర్చుని అక్షరాలు దిద్దారు. భాషాశాస్త్రవేత్తలు ఇలాంటి ప్రార్థనలను రికార్డు చేసి పరిశీలించినప్పుడు, మాట్లాడేవారి సొంత భాషలోని ధ్వనులే ఎక్కువగా కనిపించాయి, వ్యాకరణం కనిపించలేదు. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు అయిదుగురు స్త్రీల మెదడును పరీక్షించారు. అన్యభాషలతో ప్రార్థించేటప్పుడు మెదడు ముందు భాగంలో చురుకుదనం తగ్గింది. మాటలను తాము నడపడం లేదని ఆ ప్రార్థన చేసేవాళ్లు చెప్పేదానికి ఇది సరిపోతుంది. అది దేవుని నుంచి వచ్చిందా అన్నది మాత్రం యంత్రం తేల్చలేదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు కోపం వస్తుంది. ఒక కూడికలో పదకొండేళ్ల అమ్మాయిని ముందుకు పిలిచి, "హల్లెలూయ అని వేగంగా అంటూ ఉండు, నాలుక అదే తిరుగుతుంది" అన్నారు. ఆ పిల్ల అరగంట అన్నది. పెదవులు ఎండిపోయాయి. కళ్లు తెరిచి చుట్టూ చూసి, పక్కవాళ్లు చేస్తున్న శబ్దాన్నే తానూ చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తిరిగి వచ్చి కూర్చున్నాక ఆ పిల్ల ఎవరి కళ్లలోకీ చూడలేదు. మిమ్మల్ని ఎవరైనా అలా తొందరపెడితే, లేచి వచ్చి నా పక్కన కూర్చోండి.

అలాగని ఇదంతా నటన అనుకోకండి. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఒకసారి తెల్లవారుజామున ఏదో పని మీద వాళ్లింటికి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆమె మంచం పట్టె మీద తల ఆనించి, మెల్లగా, తెరలు తెరలుగా, నాకు తెలియని మాటలతో ప్రార్థిస్తున్నారు. అరుపు లేదు, తొందర లేదు. నా అడుగుల చప్పుడు విని ఆపేశారు. నన్ను కూర్చోమని, నా పిల్లల పేర్లు ఒక్కొక్కటీ అడిగి, వాళ్లకోసం మామూలు మాటల్లో ప్రార్థన చేశారు.

"అదేమిటో చెప్పండమ్మా" అని ఆపుకోలేక అడిగాను.

"నాకూ తెలియదు నాయనా. మా పెద్దవాడు పోయిన ఏడాది, ఏమని అడగాలో తోచక ఏడుస్తుంటే మొదలైంది."

"మరి నేను రాగానే ఎందుకు ఆపేశారు?"

"నువ్వు వచ్చావు కదా, నీకు అర్థం కావాలి కదా" అన్నారు.

ప్రేమతో,
మీ తాతయ్య