చైనా గాదెలో కారే గింజలు

"మూత్రంలో నురగ వస్తోంది, రిపోర్టులో ప్రొటీన్ రెండు ప్లస్‌లు చూపించింది. చైనా మూలికలు పనిచేస్తాయా?" అని ఒక పాఠకుడు అడిగారు.

చైనా పాత వైద్య గ్రంథాల్లో ప్రొటీన్ ఊసే లేదు. వాపు, నీరసం, మూత్రం తీరు, ఇవే ఆనవాళ్లు. ఇప్పుడు అక్కడి సంప్రదాయ వైద్యులు ల్యాబ్ రిపోర్టును చూసి దాన్ని పాత లెక్కలోకి మార్చుకుంటారు. ఆ లెక్కలో మూత్రపిండం ఒక గాదె. 'జింగ్' అనే దేహసారం అందులో నిల్వ ఉంటుంది. మూత్రంలో ప్రొటీన్ పోతోందంటే గాదె తలుపు వదులై గింజలు కారుతున్నట్టు. తిండిలోని సారాన్ని పైకెత్తే పని ప్లీహానిది. అది చతికిలబడితే గింజలు గాదె చేరకుండానే దారిలో జారిపోతాయి.

కాబట్టి మందులూ రకరకాలు. గింజలు నింపడానికి హువాంగ్‌చీ వేరు. తలుపు బిగించడానికి ఒక రకం అడవి గులాబీ కాయ, దానికి తోడు చియాన్‌షీ. ఈ చియాన్‌షీ మరేదో కాదు, బీహార్ చెరువుల్లో పండే మఖానా గింజే! ఇక గాదెలో ఎలుక దూరిందనుకుంటే, వాళ్ల మాటల్లో 'గాలి, తేమ' చేరాయనుకుంటే, లైగోంగ్‌టెంగ్ అనే తీగ.

నాకు ఆసక్తి కలిగించేది ఈ ఎలుకే. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అయినా మూత్రంలోకి వచ్చే ప్రొటీన్ మామూలుగా 150 మిల్లీగ్రాముల లోపే. వడపోత గోడ వెలుపల పోడోసైట్ కణాల పాదాలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటాయి. వాటి సందుల్లో నెఫ్రిన్ వంటి ప్రొటీన్ల పొర ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థ తిరగబడి ఆ పాదాలు చదునైపోతే రక్తంలోని ముఖ్య ప్రొటీన్ అల్బుమిన్ బయటపడుతుంది. లైగోంగ్‌టెంగ్‌లోని ట్రిప్టోలైడ్ ఆ వ్యవస్థ దూకుడును అణుస్తుంది. నాన్‌జింగ్ వైద్యులు 1970ల చివర్లోనే ఈ తీగను నెఫ్రైటిస్‌కు, అంటే మూత్రపిండాల వాపు జబ్బుకు, వాడటం మొదలుపెట్టారు. అంటే తిరగబడ్డ రోగనిరోధక వ్యవస్థ అనే ఎలుక నిజం, మందుకూ పళ్లున్నాయి. ఆ పళ్లు కాలేయాన్నీ కొరుకుతాయి, మగవారిలో వీర్యకణాలు తగ్గుతాయి, ఆడవారిలో నెలసరి ఆగిపోవచ్చు.

చైనా మూలికలను పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. మూత్రపిండాల వడపోత గోడ దెబ్బతిని ప్రొటీన్ కారే మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బు ఉన్న 190 మందితో చైనాలో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. హువాంగ్‌చీ ఉన్న ఒక మిశ్రమం, రోగనిరోధక వ్యవస్థను అణిచే స్టెరాయిడ్-సైక్లోఫాస్ఫమైడ్ మందుల జంట, రెండూ ప్రొటీన్‌ను దాదాపు ఒకేలా తగ్గించాయి. కానీ ఎవరికి ఏ మందు ఇస్తున్నారో అందరికీ తెలిసే జరిగిన ప్రయోగం అది. పైగా ఒక్క జబ్బుకే. షుగర్ వల్ల కారే గింజలకు అది వర్తించదు. గాదె సిద్ధాంతంతో నా తగాదా ఇక్కడే: అది ఎలుక జాతి అడగదు. మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ అడుగుతుంది.

'మూలికే కదా, ఏం చేస్తుంది' అనేవాళ్లకు బ్రస్సెల్స్ సంగతి చెప్పాలి. 1990ల మొదట్లో అక్కడ బరువు తగ్గే మాత్రల్లో ఒక చైనా వేరు బదులు పొరపాటున అరిస్టోలోకియా కలిసింది. వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చాలామందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు కూడా ఆ అరిస్టోలోకియా కుటుంబంలోవే.

పాఠకుడికి నా జవాబు: ముందు మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించుకోండి, బీపీ, షుగర్ లెక్క తేల్చుకోండి. ఆన్‌లైన్‌లో వచ్చే పొట్లం మాత్రం నెఫ్రాలజిస్టుకు చూపకుండా విప్పకండి.