కీటో లెక్క అడుగుతుంది, పేలియో గోత్రం అడుగుతుంది: అపోహలు - వాస్తవాలు

"మేడం, మూడు వారాల నుంచి కీటో చేస్తున్న. అన్నం మొత్తం బంద్ చేసిన. అయినా తగ్గుతలేను" అంటూ కూకట్‌పల్లి నుంచి వచ్చిన అబ్బాయి ఫోన్‌లో టిఫిన్ ఫొటో చూపించాడు. ప్లేట్లో ఉడకబెట్టిన కందగడ్డ (కోస్తావాళ్లకు చిలగడదుంప), ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన పల్లీలు ఉన్నాయి. 150 గ్రాముల కందగడ్డలో పిండిపదార్థం దాదాపు 30 గ్రాములు, అరటిపండులో ఇంకో 27. పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటోలో రోజు మొత్తానికి ఇచ్చేదే 20 నుంచి 50 గ్రాములు. అంటే పొద్దున తొమ్మిదికల్లా ఆ రోజు కీటో అయిపోయింది. పోనీ ఆదిమానవుడి తిండి పేరుతో నడిచే పేలియో అందామా అంటే, పప్పుజాతివైన పల్లీలు అడ్డం. హైదరాబాద్‌లో డైటీషియన్‌గా నేను రోజూ విప్పే చిక్కుముడి ఇదే.

అపోహ: రెండూ ఒకటే. అన్నం మానేయడమే కదా!

కాదు. కీటో లెక్క అడుగుతుంది. ఏం తిన్నావన్నది తర్వాత, పిండిపదార్థం ఎన్ని గ్రాములన్నదే ముందు. పేలియో గోత్రం అడుగుతుంది. వ్యవసాయం రాకముందు మనిషికి దొరికేదా, కాదా అని చూస్తుంది. అందుకే వరి, గోధుమ, పప్పులు, పాలు, పంచదార అందులో నిషేధం. పండ్లు, దుంపలు, తేనెకు మాత్రం అభ్యంతరం లేదు.

పనీర్, వెన్న, మీగడ దట్టించిన కూర కీటోలో దర్జాగా పాసవుతుంది. పేలియోలో అది మొదటి ముద్దకే ఫెయిల్. రంజాన్ నెలలో "హలీంలో మాంసమే ఎక్కువ కదా" అని అడిగేవాళ్లు ఏటా ఉంటారు. అందులో గోధుమరవ్వ, పప్పు కూడా ఉంటాయి కాబట్టి రెండు పరీక్షల్లోనూ అది తప్పుతుంది. నేనైతే డైట్ పక్కన పెట్టి ఒక చిన్న గిన్నె తినండి అంటాను, అది వేరే విషయం.

అపోహ: కీటో సన్నబడటానికి పుట్టింది.

మూర్ఛ రోగుల కోసం పుట్టింది. పస్తుంటే ఫిట్స్ తగ్గుతున్నాయని అప్పటికే వైద్యులు గమనించారు. ఎంతకాలమని పస్తులుంచుతారు? తింటూనే ఒంట్లో పస్తున్న స్థితి తెప్పించవచ్చని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ దీన్ని వాడతారు, అయితే వైద్యుల పర్యవేక్షణలో, గ్రాముల్లో తూచి. సన్నబడే ఫ్యాషన్ ఆ తర్వాత వచ్చి చేరింది.

అపోహ: పేలియో అంటే అచ్చంగా ఆదిమానవుడి భోజనమే.

ఈ ఆలోచనకు వైద్యలోకంలో గుర్తింపు తెచ్చింది 1985లో అమెరికా పరిశోధకులు ఈటన్, కానర్ రాసిన వ్యాసం. 2002లో అమెరికా శాస్త్రవేత్త లోరెన్ కోర్డెయిన్ పుస్తకంతో జనంలోకి వెళ్లింది. అయితే ఆదిమానవుడు గింజ ముట్టలేదన్న మాట నిలవదు. జోర్డాన్‌లో 14,000 ఏళ్లు దాటిన మాడిన రొట్టె ముక్కలు దొరికాయి. అక్కడ వ్యవసాయం మొదలవడానికి దాదాపు 4,000 ఏళ్ల ముందు సంగతి అది. ఇక మనం అన్నం బదులు తురిమే కాలీఫ్లవర్ రైతులు తరతరాలుగా తీర్చిదిద్దిన పంట. గుంటూరు మిరపకాయ పూర్వీకులు అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చాయి. పేలియో ఒక మంచి జాబితా కావచ్చు గానీ చరిత్ర మాత్రం కాదు.

అపోహ: చిరుధాన్యాలు ఎంతైనా తినొచ్చు.

మెహదీపట్నం రైతుబజార్ దాకా వెళ్లి కొర్రలు, జొన్నపిండి తెచ్చుకుని "ఇక కీటో మొదలు" అనేవాళ్లను చూస్తే జాలేస్తుంది. 100 గ్రాముల చిరుధాన్యాల్లో 60 నుంచి 70 గ్రాములు పిండిపదార్థమే. పాలిష్ బియ్యం కంటే పీచు ఎక్కువ, కాబట్టి మంచివే. కానీ కీటోకు పనికిరావు. ధాన్యం కాబట్టి పేలియోకూ పనికిరావు.

అపోహ: పప్పులో విషాలున్నాయి కాబట్టి పేలియో వద్దంటుంది.

పప్పుల్లో సహజంగా ఉండే లెక్టిన్లనే ఒక రకం మాంసకృత్తుల పేరు చెప్పి భయపెడతారు. నానబెట్టి, మెత్తగా ఉడికిస్తే అవి చాలావరకు పోతాయి. మన ఇళ్లలో పచ్చి కందిపప్పు నమిలేవాళ్లెవరూ లేరు కదా! మాంసం, గుడ్డు ముట్టనివాళ్ల చేత పప్పు, పెరుగు కూడా మాన్పిస్తే మాంసకృత్తులు ఎక్కడి నుంచి తేవాలి? వాళ్లకు నేను పేలియో రాయను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పప్పులకు పెద్దపీటే వేశాయి.

అపోహ: మొదటి వారంలో నాలుగు కిలోలు తగ్గానంటే అంతా కొవ్వే.

చాలావరకు నీళ్లు. కండరాల్లో, కాలేయంలో దాచిన గ్లైకోజెన్ (ఒంట్లోని పిండిపదార్థపు నిల్వ) ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది, నీటితో పాటు ఉప్పూ పోతుంది. తలనొప్పి, నీరసం అందుకే. ఒక్క పెళ్లి భోజనంతో రెండు కిలోలు తిరిగొచ్చేదీ అందుకే.

మరి ఏడాది చూస్తే? 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిపై చేసిన అధ్యయనంలో పిండిపదార్థం తగ్గించినవాళ్లు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. అది కీటో అంత కఠినమైనది కాదు, నిజమే. కానీ రెండు వర్గాలకూ చెప్పిన మాట ఒకటుంది: పంచదార, మైదా తగ్గించండి, కూరగాయలు బాగా తినండి. నా అనుభవంలోనూ పేలియో వల్ల బాగుపడినవాళ్లలో ఎక్కువమందికి మేలు చేసింది రాతియుగం కాదు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు మానేయడమే.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు వెంటనే మొదలుపెట్టేయొచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. పిండిపదార్థం తగ్గితే షుగర్ తగ్గుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందులు పాత మోతాదులోనే వాడుతుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు కీటోతో ఇంకో ముప్పుంది: రక్తంలో చక్కెర మామూలుగానే కనిపిస్తూ ఆమ్లం పేరుకుపోయే కీటోఅసిడోసిస్. వాంతులు, ఆయాసం వస్తుంటే "గ్లూకోమీటర్‌లో 160యే కదా" అని ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

పని కొత్తలో నేనూ ఒక తప్పు చేశాను. అరవై దాటిన పెద్దాయనకు రాత్రి అన్నం, చపాతీ మానేయమని చెప్పాను. ఏం మాత్రలు వాడుతున్నారో అడగలేదు. నాలుగో రోజు అర్ధరాత్రి చెమటలు, వణుకు. భార్య చక్కెర నీళ్లు పట్టించి గట్టెక్కించింది. మర్నాడు వాళ్ల డాక్టర్‌తో మాట్లాడితే మాత్ర సగం చేశారు. "అమ్మా, మీరు అడిగితే చీటీ తెచ్చేవాణ్ణి కదా" అన్నారాయన, కోపం లేకుండా. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు మాత్రల స్ట్రిప్పులు టేబుల్ మీద పెట్టమంటాను. బరువు చూసేది ఆ తర్వాతే.