ఒక్క అమ్మాయి కోసం ఆగిన రైలు: ఆ హాల్ట్ అసలు కథ

జపాన్‌లో ఒకే ఒక్క విద్యార్థిని కోసం స్టేషన్ నడిపారని, ఆమె చదువు పూర్తికాగానే మూసేశారని చెప్పే పోస్టు చాలామంది చూసే ఉంటారు. 2016 జనవరిలో చైనా ప్రభుత్వ టీవీ సీసీటీవీ ఫేస్‌బుక్‌లో పెట్టాక ప్రపంచమంతా చుట్టేసింది. అందులో స్టేషన్ పేరే తప్పు. పోస్టులో ఉన్నది కామి షిరతకి. అమ్మాయి రైలెక్కింది అదే లైన్లోని క్యూ షిరతకిలో.

హొక్కైడో దీవిలో కొండలు, అడవుల మధ్య ఉన్న ప్రాంతం షిరతకి. ఇప్పుడు ఎంగరు పట్టణ పరిధిలోకి వస్తుంది. 1912లో వకయమ నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి ఇక్కడ అడవి కొట్టి సేద్యానికి దిగాయి. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన మొరిహెయి ఉయెషిబే తర్వాత ఐకిడో యుద్ధవిద్యకు ఆద్యుడయ్యారు. షిరతకికి రైలు 1929లో వచ్చింది.

క్యూ షిరతకిలో మాత్రం 1947 దాకా బండి ఆగలేదు. ఆగడం మొదలయ్యాక కూడా అది స్టేషన్ కాదు, 'తాత్కాలిక' హాల్ట్. ఇలాంటివాటిని స్థానిక రైల్వే అధికారులే పెట్టుకునేవారు. చాలావాటి పేర్లు దేశం మొత్తానికి వేసే టైంటేబుల్లో ఉండేవే కావు. ఒక ప్లాట్‌ఫాం, చలికి తలదాచుకోడానికి చిన్న చెక్క గది, అంతే. ఆ తాత్కాలికం 40 ఏళ్లు సాగింది! 1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను విడగొట్టి కంపెనీలుగా మార్చినప్పుడు గానీ స్టేషన్ హోదా రాలేదు.

హోదా అయితే వచ్చింది కానీ ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. చివరి రోజుల్లో ఎంగరు వైపు ఉదయం ఏడు దాటాక ఒకే ఒక్క బండి ఆగేది. అది తప్పిపోతే ఆ పూట బడి సంగతి మర్చిపోవాల్సిందే.

స్టేషన్ మూతపడింది 2016 మార్చి 26న. సరిగ్గా అదే రోజు హొక్కైడోకి తొలి షింకన్‌సెన్ బుల్లెట్ రైలు వచ్చింది. దానికోసం మార్చిన కొత్త టైంటేబుల్‌తోపాటే జేఆర్ హొక్కైడో కంపెనీ 8 స్టేషన్లను ఎత్తేసింది. వాటిలో మూడు షిరతకివే: కామి, క్యూ, షిమో. జపాన్‌లో చదువుల ఏడాది ముగిసేదీ, రైళ్ల వేళలు మారేదీ మార్చిలోనే. కథలోని కరుణ కంటే క్యాలెండరే ఎక్కువ పని చేసిందని నాకనిపిస్తుంది.

అదే ఏడాది నవంబరులో ఆ కంపెనీ మరో బాంబు పేల్చింది. తన లైన్లలో దాదాపు సగాన్ని, 1,237 కిలోమీటర్లను, ఒంటరిగా నడపలేనని ప్రకటించింది. క్యూ షిరతకి ఉన్న సెకిహోకు లైనూ ఆ జాబితాలో ఉంది. కామి షిరతకి కూడా పోవడంతో ఆ లైన్లో కామికవ దాటితే 37.3 కిలోమీటర్ల వరకూ, అంటే షిరతకి దాకా, మరో స్టేషన్ లేదు. షిమో షిరతకి ఇప్పుడు సింగిల్ లైన్‌పై బళ్లు ఒకదానికొకటి దారిచ్చుకునే సిగ్నల్ పాయింట్ మాత్రమే.