షిప్పులో పరాయివాళ్లతో ఒకే టేబుల్: మన అపోహలు, అసలు సంగతులు

"అమ్మా, ఇంకా మూడు రాత్రులు ఆయన ఎదురుగానే కూర్చుని తినాలా?"

సింగపూర్ నుంచి బయల్దేరిన షిప్పులోంచి వనస్థలిపురం ఆంటీ ఒకావిడ నాకు పెట్టిన వాయిస్ మెసేజ్ ఇది. ఆ రాత్రి భోజనానికి వెళ్లకుండా ఇంటి నుంచి తెచ్చుకున్న చేగోడీలు తిని పడుకున్నారట, అంకుల్ కూడా అంతే. ముందురోజు రాత్రి టేబుల్ దగ్గర ఒకాయన చిటికెలు వేసి వెయిటర్ని పిలవడం, "మీ అబ్బాయికి అమెరికాలో జీతమెంత, ఇల్లు కొన్నాడా, ఇంకా ఎందుకు కొనలేదు" అని సూప్ వచ్చినప్పటి నుంచి ఐస్‌క్రీమ్ దాకా ఆరా తీయడం... ఆవిడకి ముద్ద దిగలేదు.

నేను హిమాయత్‌నగర్‌లో ట్రావెల్ ఆఫీసు నడుపుతున్నాను, పదమూడేళ్లుగా క్రూజ్‌లు బుక్ చేస్తున్నాను, ఏడాదికి ఒకటి రెండు గ్రూపులతో నేనే వెళ్తాను. అలల గురించి, వాంతుల గురించి, వైఫై గురించి అందరూ అడుగుతారు. టేబుల్ గురించి వెళ్లేముందు ఎవరూ అడగరు, తిరిగొచ్చాక మాత్రం చాలామంది చెప్పుకునే బాధ అదే. పెళ్లి బంతిలో పక్కన ఎవరు కూర్చున్నా అరగంటలో ఆకు మడిచి లేస్తాం. షిప్పులో అలా కాదు, రాత్రి భోజనానికి వాళ్లు వేసిన టేబుల్ దగ్గరే కూర్చోవాలి, గంటన్నర పడుతుంది, అదీ రోజూ అవే మొహాలు.

అపోహ: షిప్పువాళ్లిచ్చే కార్డు మీద టేబుల్ నంబర్ పడిందంటే ఇక అంతే.

అస్సలు కాదు. ఆ నంబర్ ఎక్కకముందు కంప్యూటర్లో వేసింది. మొదటి రాత్రి కొందరు భోజనానికే రారు, కొందరు పైన బఫేకి వెళ్లిపోతారు, కొందరు టైమ్ మార్చుకుంటారు. అంటే మొదటి రాత్రి గడిచేసరికి ఎక్కడ ఎన్ని కుర్చీలు ఖాళీయో డైనింగ్ హాల్ మొత్తానికి పెద్దగా ఉండే మేత్ర డీకి తెలిసిపోతుంది. టేబుళ్లు మార్చడం ఆయన రోజువారీ పనుల్లో ఒకటి. చాలా షిప్పుల్లో ఎక్కిన రోజు మధ్యాహ్నమే ఈ మార్పుల కోసం డైనింగ్ స్టాఫ్ ఒక చోట కూర్చుని ఉంటారు. అప్పుడు కుదరకపోతే మొదటి రాత్రి భోజనమయ్యాక, హాల్ ఖాళీ అవుతున్నప్పుడు, తలుపు దగ్గరికి వెళ్లి మెల్లగా అడగండి. "వేరే టేబుల్ కావాలి, ఉంటే చెప్పండి" అంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయనక్కర్లేదు. ఇద్దరి టేబుల్ అడిగితే దొరక్కపోవచ్చు, అవి తక్కువ ఉంటాయి, అందరూ అడిగేదీ అవే. నలుగురిదో ఆరుగురిదో అడగండి.

మన దగ్గర అసలు అడ్డం మొహమాటం. "వాళ్లేమనుకుంటారో", "ఆ వెయిటర్ పాపం బాగానే చూసుకుంటున్నాడు, బాధపడతాడేమో", "మూడు రోజులే కదా సర్దుకుందాం". వెయిటర్ సంగతి చెప్తాను. ఎక్కువ కంపెనీల్లో టిప్ రోజుకి మనిషికి ఇంత అని మన అకౌంట్లోనే పడుతుంది, స్టాఫ్ అందరికీ పంచుతారు, కాబట్టి మీరు లేచి వెళ్తే ఆ పిల్లవాడి కడుపు కొట్టినట్టు కాదు. మనసుకి అనిపిస్తే చేతిలో కొంచెం పెట్టి, థాంక్స్ చెప్పి వెళ్లండి.

అపోహ: అందరం కలిసి వెళ్తున్నాం కాబట్టి కలిపే కూర్చోబెడతారు.

ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. కొడుకు డాలస్‌లో కూర్చుని తన కుటుంబానికి ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటాడు, ఇక్కడ అమ్మానాన్నలకి నాలాంటివాళ్లు బుక్ చేస్తారు. షిప్పు లెక్కలో ఇవి రెండు బుకింగ్ నంబర్లు, వాళ్లకి ఒకరితో ఒకరికి సంబంధమే లేదు. రాత్రి భోజనం రెండు విడతలుగా పెడతారు, ఒక్కో విడతని సిట్టింగ్ అంటారు. అంతే, పెద్దవాళ్లు ఎర్లీ సిట్టింగ్‌లో ఎనిమిదిమంది టేబుల్ దగ్గర పరాయివాళ్ల మధ్య, కొడుకు లేట్ సిట్టింగ్‌లో ఇంకోచోట. రెండు నంబర్లనీ లింక్ చేయమని ఏజెంట్‌కి గానీ కంపెనీకి గానీ ముందే చెప్పాలి, రెండింటిలోనూ ఒకే సిట్టింగ్ పెట్టించాలి. ఏదో ఒకటే చేస్తే ఉపయోగం లేదు. వనస్థలిపురం ఆంటీవాళ్లకి జరిగిందీ ఇదే, ఆ కొడుకు కూడా అదే షిప్పులో ఉన్నాడు! లింక్ అయిందో లేదో నేను అడిగి చూసుకోవాల్సింది, చూడలేదు. అప్పటి నుంచి ప్రతి ఫారమ్ మీద "ఇదే షిప్పులో మీవాళ్లు ఇంకెవరైనా ఎక్కుతున్నారా" అని రాయించుకుంటున్నాను.

సిట్టింగ్ గురించి ఒక మాట. ఎర్లీ అంటే దాదాపు సాయంత్రం 5:30, 6. లేట్ అంటే 8, 8:30. ఆరింటికి మనకి టీ టైమ్, ఆకలుండదు. ఆకలి లేనప్పుడు పక్కవాడి ప్రతి మాటా చిరాకే. మనవాళ్లకి లేట్ నయం, చిన్నపిల్లలుంటే తప్ప.

అపోహ: క్రూజ్ అంటేనే కొత్తవాళ్లతో తినాలి, తప్పదు.

తప్పుతుంది. నార్వీజియన్ క్రూజ్ లైన్ అనే కంపెనీ 2000లోనే ఫిక్స్‌డ్ టైమ్, ఫిక్స్‌డ్ టేబుల్ పద్ధతి తీసేసి ఫ్రీస్టైల్ అని మొదలుపెట్టింది. రాయల్ కరీబియన్ అనే ఇంకో కంపెనీలో మై టైమ్ డైనింగ్ అని ఉంది, బుక్ చేసేటప్పుడే ఎంచుకోవచ్చు. ఇందులో ఏ రోజుకి ఆ రోజు వచ్చిన టైమ్‌ని బట్టి టేబుల్ ఇస్తారు, "మేమిద్దరమే కూర్చుంటాం" అని చెప్పొచ్చు, కాసేపు ఆగాల్సి రావచ్చు. దీంట్లో పోయేది ఒకటుంది: ఫిక్స్‌డ్ టేబుల్ దగ్గర రెండో రోజుకల్లా వెయిటర్‌కి మనకేం కావాలో తెలిసిపోతుంది, అడక్కముందే పచ్చిమిర్చి ముక్కలు తెచ్చి పెడతాడు. రోజూ టేబుల్ మారితే ఆ సుఖం ఉండదు. నాకైతే ఫిక్స్‌డే ఇష్టం, టేబుల్ బాగుంటే.

అపోహ: శాకాహారులు అలాంటి టేబుల్ దగ్గర తినలేరు.

ఎవరి ప్లేట్ వాళ్లకే వంటింట్లోంచి వడ్డించి తెస్తారు, మధ్యలో గిన్నెలు పెట్టి గరిటెలు మార్చుకోవడం ఉండదు. వెజ్, జైన్ అని బుకింగ్‌లోనే రాయించండి, రేపటి భోజనం సంగతి ఈ రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్పండి. అయితే ఎదురుగా పెద్ద మాంసం ముక్క కోస్తుంటే చూడలేం అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల బాధ నిజమే, దాన్ని చాదస్తం అనకూడదు. ఇండియన్ వెజ్ కుటుంబాలు కూర్చున్న టేబుల్ ఏదైనా ఉందా అని మేత్ర డీని అడగండి, వీలుంటే చేస్తారు.

అపోహ: ఇబ్బంది పెట్టేది ఎప్పుడూ ఎదుటివాళ్లే.

ఇది రాయడానికి కొంచెం వెనకాడాను. ఒకసారి నా గ్రూపులో నలుగురికి, మలేషియా నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి కలిపి టేబుల్ పడింది. ఆయన ఒక్కరే, పువ్వుల చొక్కా, మెల్లగా రొట్టెకి వెన్న రాసుకుంటున్నారు. మావాళ్లు తెలుగులో మొదలుపెట్టారు, ఆ చొక్కా గురించి, ఆ నిదానం గురించి, భార్య వదిలేసి ఉంటుందని కూడా. ఆయన వెన్న రాయడం ఆపలేదు. స్వీట్లు వచ్చాక చెంచా పక్కన పెట్టి, "మా తాతది శ్రీకాకుళం దగ్గర పల్లె అండి. రబ్బరు తోటల్లోకి వచ్చారు. మా ఆవిడ పోయి రెండేళ్లయింది" అన్నారు. మలేషియాలో అలా తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రాత్రి మావాళ్లెవరూ స్వీటు ముట్టలేదు, మర్నాడు టేబుల్ మార్చమని అడిగింది మావాళ్లు కాదు, ఆయన.

అలాగే ఆలస్యం. ఒకే టేబుల్ అంటే వెయిటర్ అందరికీ ఒక్కో ఐటమ్ ఒకేసారి తెస్తాడు. మనం ఇరవై నిమిషాలు లేటుగా వెళ్తే మిగతా ఆరుగురూ ఖాళీ ప్లేట్లు చూస్తూ ఉంటారు. స్పీకర్ పెట్టి వీడియో కాల్ మాట్లాడటమూ అంతే, హైదరాబాద్‌లో మనవరాలు ఎంత ముద్దుగా ఉన్నా సరే.

ఇక టేబుల్ మారేలోపు ఒక పూట గడవాలంటే? కుర్చీ నంబర్లేమీ ఉండవు, ముందే వెళ్లి నచ్చిన చోట కూర్చోండి. ఎక్కువ మాట్లాడే మనిషికి ఎదురుగా కన్నా అదే వరసలో చివర కూర్చుంటే సగం బాధ తప్పుతుంది. జీతాలడిగితే "వాడి లెక్కలు మాకు చెప్పడండి, మీరు ఈరోజు పైన షో చూశారా?" అని తిప్పేయండి. ఒక రాత్రి బఫేకి వెళ్లినా తప్పులేదు, వెయిటర్‌కి ముందే చెప్తే మీకోసం టేబుల్ ఆగదు. కానీ క్యాబిన్‌లో చేగోడీలతో పడుకోకండి, ఆ భోజనానికి మీరు డబ్బు కట్టారు.

పైవన్నీ విసిగించే మనుషుల గురించి. తాగి మీద పడేవాళ్లు, ఆడవాళ్లతో వెకిలిగా మాట్లాడేవాళ్లు వేరు. అక్కడ సర్దుకోవడం, రేపటిదాకా ఆగడం వద్దు. అప్పుడే లేచి హెడ్ వెయిటర్‌కి చెప్పండి, క్యాబిన్ ఫోన్ నుంచి గెస్ట్ సర్వీసెస్‌కి చెప్పండి, షిప్పులో సెక్యూరిటీ రాత్రంతా ఉంటుంది. నేను గ్రూపుతో ఉంటే ఎంత రాత్రయినా నా తలుపు కొట్టండి.

ఆంటీకి ఆ రాత్రే ఫోన్ చేసి మేత్ర డీ దగ్గరికి వెళ్లమన్నాను. ఇంగ్లీషు రాదని భయపడ్డారు. టేబుల్ నంబర్ చూపించి "చేంజ్, ప్లీజ్, సన్" అంటే చాలన్నాను, కొడుకు టేబుల్ నంబర్ కాగితం మీద రాసి పట్టుకెళ్లమన్నాను. మర్నాడు ఫొటో వచ్చింది, లేట్ సిట్టింగ్, ఆరుగురి టేబుల్, ఆవిడ ఒళ్లో మనవడు, వాడి చేతిలో బ్రెడ్డు ముక్క.