లడ్డూ నెయ్యి వివాదం: పరీక్షల వెనుక ఉన్న కథ

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ మొదలయ్యాక నెయ్యిలో కల్తీని పట్టే అంకె ‘ఎస్ వాల్యూ’ అనే మాట తిరుపతి టీ కొట్ల దాకా వచ్చింది. రోజుకు సుమారు 3 లక్షల లడ్డూలు తయారయ్యే చోట, కల్తీ ఉందో లేదో తేల్చుకోవడానికి నెయ్యిని గుజరాత్‌లోని ఆనంద్‌కు, జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) ల్యాబ్‌కు పంపాల్సి వచ్చింది. అది నన్ను బాగా బాధపెట్టింది. కొండ కిందే డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది. 1955 నాటి వెటర్నరీ కాలేజీ, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. నెయ్యి పరీక్ష అక్కడి ప్రొఫెసర్లు రోజూ చెప్పే పాఠమే.

ఈ పాఠం ఐరోపాలో మొదలైంది. 1869లో ఫ్రాన్స్‌లో వెన్నకు బదులుగా వాడే మార్జరిన్ పుట్టింది, వెన్న పేరుతో దాన్ని అంటగట్టేవాళ్లూ పుట్టుకొచ్చారు. 1879లో రైకర్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పాడు. పాల కొవ్వులో బ్యూటిరిక్ ఆమ్లం ఉంటుంది, మామూలు నూనెల్లో ఉండదు. కొవ్వును క్షారంతో సబ్బుగా మార్చి, ఆమ్లం కలిపి మరిగించి, ఆవిరితో పాటు వచ్చే ఆమ్లాలను కొలిస్తే చాలు. మైస్ల్ అనే మరో శాస్త్రవేత్త దీన్ని సవరించాక ఇద్దరి పేర్లతో రైకర్ట్-మైస్ల్ (ఆర్‌ఎం) వాల్యూ అయింది. మన నెయ్యి ప్రమాణాల్లో అది నేటికీ ఉంది.

మన దగ్గర అసలు తలనొప్పి వనస్పతి, అంటే డాల్డా లాంటి గట్టిపరిచిన నూనె. దాన్ని పట్టుకోవడానికి ప్రభుత్వం మంచి ఎత్తు వేసింది: వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలని నిబంధన పెట్టింది. బీటెక్ పిల్లలకు ల్యాబ్‌లో చేయించే బౌడోయిన్ పరీక్షకు ఆధారం అదే. టెస్ట్‌ట్యూబులో కరిగిన నెయ్యి, అంతే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కొన్ని చుక్కల ఫర్‌ఫ్యూరల్ వేసి రెండు నిమిషాలు బాగా కుదిపి కదలకుండా ఉంచుతారు. వనస్పతి ఉంటే అడుగున తేరిన ఆమ్లం ఎర్రబారుతుంది. మిషన్ అక్కర్లేదు, కళ్లు చాలు.

కానీ కల్తీ చేసేవాళ్లు కూడా పాఠాలు నేర్చారు. నూనెల్ని లెక్కగా కలిపితే పాత పరీక్షలు దాటేయొచ్చు. అందుకే 1990ల్లో జర్మనీలోని కీల్‌లో ప్రెష్ట్ అనే శాస్త్రవేత్త గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే యంత్ర పద్ధతితో కొవ్వులోని ట్రైగ్లిసరైడ్ అణువులను రకాలుగా వేరుచేసి, వాటి పాళ్లతో కొన్ని సూత్రాలు కట్టాడు. ఆ సూత్రాల్లో వచ్చే అంకే ఎస్ వాల్యూ. తర్వాత ఈ పద్ధతి అంతర్జాతీయ (ఐఎస్‌ఓ) ప్రమాణమైంది. లడ్డూ నెయ్యి రిపోర్టులో 98, 102 మధ్య ఉండాల్సిన ఒక అంకె 20 దగ్గర వచ్చింది. అంత తేడాను మేత మీదికి నెట్టడం కష్టం. అయితే టీవీ చర్చల్లో చాలామంది వదిలేసిన సంగతి ఒకటుంది. పరాయి కొవ్వు కలిసిందని ఈ పద్ధతి చెప్పగలదు, కానీ ఫలానా కొవ్వే అని ఒక్క సూత్రాన్ని పట్టుకుని తేల్చేయడం కుదరదు. దూడ పుట్టిన తొలిరోజుల జున్నుపాలు, అరకొర మేత, నూనె ఎక్కువైన దాణా ఉంటే అంకెలు తప్పుగా రావచ్చని కూడా అదే రిపోర్టు రాసింది. సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో దర్యాప్తును సీబీఐ, రాష్ట్ర పోలీసులు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధికారులున్న ఐదుగురి బృందానికి అప్పగించింది.

98 ఉండాల్సిన చోట 20 వస్తే సరే, 96 వస్తే ఏమనాలి? ఇక్కడే మన ప్రొఫెసర్ల పని మొదలవుతుంది. ప్రెష్ట్ సూత్రాలు ఐరోపా ఆవుపాల మీద కట్టినవి. పాత చిత్తూరు జిల్లాలో ఎక్కువగా ఉన్నవి జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవులు. వేరుశనగ చెక్క, వరిగడ్డి తింటాయి. మేత మారితే నెయ్యి మారుతుందని మన చట్టం ఎప్పుడో ఒప్పుకుంది, పత్తిగింజలు మేపే ప్రాంతాల నెయ్యికి వేరే అంకెలు పెట్టింది. పలమనేరు, పీలేరు, మదనపల్లె పాల నెయ్యి ఎండాకాలంలో ఎలా ఉంటుంది, వానల తర్వాత ఎలా ఉంటుంది అనే లెక్క కూడా ఏళ్ల తరబడి రాసిపెట్టాలి. పేరొచ్చే పరిశోధన కాదది, ఓపిక పరీక్షించే పని. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది కాబట్టి శాంపిళ్ల కోసం ప్రైవేటు డెయిరీల శీతలీకరణ కేంద్రాల తలుపులు తట్టాలి. అందుకు యూనివర్సిటీకి నిధులు, ఒక మంచి క్రొమటోగ్రాఫ్, దాన్ని నడిపే పరిశోధక విద్యార్థులు కావాలి.