ఆమ్‌స్టర్‌డామ్ శిశు సంరక్షణాలయం: నాజీల లెక్కల్లోంచి తప్పించిన పిల్లల కథ

ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ప్లాంటాజె మిడెన్‌లాన్ అనే వీధికి ఒక పక్క పాత నాటకశాల, దానికి సరిగ్గా ఎదురుగా యూదు కుటుంబాల బిడ్డలను పగటిపూట చూసుకునే ఒక శిశు సంరక్షణాలయం ఉండేవి. ప్రధానంగా 1943లో, నాజీల కాపలా కళ్ల ముందే, ఆ సంరక్షణాలయం నుంచి ఐదు నుంచి ఆరు వందల మంది పిల్లలను బయటికి చేరవేసి ఊళ్లలో దాచారు. ఈ ఉదంతం చెప్పేటప్పుడు పిల్లలను తీసుకువెళ్లిన విద్యార్థులు, వారికి ఇంట్లో చోటిచ్చిన రైతు కుటుంబాలు ముందు గుర్తుకు వస్తాయి. అది న్యాయమే. కానీ ఆ పని సగం లోపల జరిగింది. లోపల ఆ పని చేసినవారు స్వయంగా యూదులు, రేపో మాపో తామూ నాజీ శిబిరాలకు రైలెక్కవలసినవారు. వారికి దక్కవలసిన చోటు చరిత్రలో ఇంకా పూర్తిగా దక్కలేదు.

1940 మే నెలలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌ను ఆక్రమించేనాటికి ఆ దేశంలో సుమారు 1,40,000 మంది యూదులు ఉన్నారు. వారిలో ఎక్కువ భాగం ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉండేవారు. డచ్ పురపాలక కార్యాలయాల్లో ప్రతి పౌరుడి పేరు, చిరునామా, మతం చక్కగా నమోదై ఉండేవి. శాంతికాలంలో మంచి పాలనకు గుర్తుగా నిలిచిన ఆ రికార్డులే ఆక్రమణదారులకు సిద్ధంగా దొరికిన వేట జాబితా అయ్యాయి. యూదు యువకులను వీధుల్లో పట్టుకుపోవడాన్ని నిరసిస్తూ 1941 ఫిబ్రవరిలో ట్రాము కార్మికులు, ఓడరేవు కూలీలు సమ్మెకు దిగారు. రెండు రోజుల్లో ఆ సమ్మెను అణచివేశారు. 1942 జూలై నుంచి దేశంలోని వెస్టర్‌బోర్క్ తాత్కాలిక శిబిరం మీదుగా తూర్పున ఉన్న నాజీ మరణ శిబిరాలకు రైళ్లు కదలసాగాయి. యుద్ధం ముగిసేలోగా సుమారు 1,07,000 మందిని తరలించగా, ప్రాణాలతో తిరిగివచ్చినవారు దాదాపు 5,000 మంది మాత్రమే.

పట్టుబడిన కుటుంబాలను రైలెక్కించేముందు ఉంచడానికి ఎంచుకున్న చోటే ఆ నాటకశాల. కుర్చీలు తీసేసిన హాలులో వందలాది మంది రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఎదురుచూసేవారు. పిల్లల ఏడుపులు, గందరగోళం తమకు ఇబ్బందిగా ఉన్నాయనుకున్న నాజీ అధికారులు 1942 అక్టోబరు నుంచి చిన్నపిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి ఎదుటి సంరక్షణాలయంలో ఉంచసాగారు. కాపలా ప్రధానంగా నాటకశాల తలుపు దగ్గరే ఉండేది. సంరక్షణాలయ నిర్వాహకురాలు హెన్రియెట్టా పిమెంటెల్, ఆమె దగ్గర పనిచేసే యూదు ఆయాలు ఈ తేడాను గమనించారు. ఆ ఆయాలలో చాలామంది ఇరవై ఏళ్లు కూడా నిండని అమ్మాయిలు.

పిల్లవాడిని తలుపు దాటించినంత మాత్రాన పని పూర్తయ్యేది కాదు. ప్రతి మనిషికీ ఒక కార్డు ఉండేది. రైలు బయలుదేరేముందు తల్లిదండ్రుల పేర్లతోపాటు పిల్లల పేర్లు కూడా పిలిచేవారు. పేరు ఉండి మనిషి లేకపోతే దానికి శిక్ష అందరి మీదా పడుతుంది. అందువల్ల ముందు కాగితం మీద ఆ పిల్లవాడు లేకుండా పోవాలి. ఆ బాధ్యత తీసుకున్నవాడు వాల్టర్ సుస్కిండ్. జర్మనీలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని 1938లో నెదర్లాండ్స్‌కు వచ్చిన ఈ వ్యాపార సంస్థ ఉద్యోగిని, నాజీల ఆదేశంతో ఏర్పడిన యూదు మండలి నాటకశాల నిర్వాహకుడిగా నియమించింది. తరలింపులను నడిపిన నాజీ అధికారి ఫెర్డినాండ్ ఆవుస్ డెర్ ఫ్యూంటెన్‌తో జర్మన్‌లో కబుర్లు చెబుతూ, స్నేహం నటిస్తూ అతడు నమ్మకం సంపాదించాడు. ఆ చాటున సహచరుడు ఫెలిక్స్ హాల్వర్‌స్టాడ్‌తో కలిసి కార్డులు మాయం చేసేవాడు, లెక్కలు మార్చేవాడు. చూసేవారికి అతడు శత్రువుతో చేతులు కలిపినవాడిలా కనిపించాడు. తోటి యూదులలో కొందరి అసహ్యాన్ని భరిస్తూనే అతడు ఆ పని చేశాడు.

వీటన్నిటికంటే కష్టమైనది తల్లిదండ్రులను అడగడం. వారి అంగీకారం లేకుండా సాధారణంగా బిడ్డను తీసుకువెళ్లేవారు కాదు. ఎవరి ఇంటికి పంపుతారో చెప్పడానికి వీలుండేది కాదు, మళ్లీ కలుస్తారన్న హామీ ఇచ్చే స్థితిలో ఎవరూ లేరు. తూర్పున తమకోసం గ్యాస్ గదులు ఉన్నాయని చాలామందికి తెలియదు. కష్టమైనా కుటుంబమంతా ఒక్కచోట ఉండి కూలిపని చేసుకుంటామని నమ్మినవారు కాదన్నారు. వారిని తప్పుపట్టడానికి మనకు ఏ హక్కూ లేదు. సరేనన్న కొందరు తల్లులు, బిడ్డ లేదని ఎవరికీ తెలియకుండా, దుప్పట్లో చుట్టిన బొమ్మను చంకనెత్తుకుని రైలెక్కారు.

బయటికి తీసుకుపోవడానికి దారులు పలు రకాలు. నాటకశాల ముందు ట్రాము ఆగినప్పుడు వీధి అవతల తలుపు కాపలావాళ్లకు కనిపించేది కాదు. ఆ క్షణాల్లో ఆయాలు పిల్లలతో బయటపడి ట్రాము ఎక్కేసేవారు. పసికందులను సంచులలో, బట్టల బుట్టలలో పెట్టి తరలించేవారు. సంరక్షణాలయానికి పక్కనే క్రైస్తవ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉండేది. దాని అధిపతి యోహాన్ వాన్ హుల్స్ట్ రెండు పెరళ్ల మధ్యనున్న కంచె మీదుగా అందించిన పిల్లలను అందుకుని, అవకాశం దొరికేదాకా తరగతి గదుల్లో దాచేవాడు. ఒకసారి పరీక్షల పర్యవేక్షణకు వచ్చిన అధికారి పిల్లల ఏడుపు విని, వాళ్లు యూదు పిల్లలా అని అడిగాడని, తాను సూటిగా జవాబు చెప్పలేదని, ఆ అధికారి చేయి కలిపి జాగ్రత్తగా ఉండమని మాత్రం చెప్పి వెళ్లాడని వాన్ హుల్స్ట్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు.

అక్కడి నుంచి పని రహస్య బృందాలది. ఉట్రెక్ట్ విద్యార్థులది ఒకటి, ఆమ్‌స్టర్‌డామ్ విద్యార్థులది మరొకటి, మూష్ సోదరులు, యోప్ వోర్ట్‌మన్ నడిపినది ఇంకొకటి, క్రైస్తవ ప్రతిఘటన పత్రిక చుట్టూ చేరినవారిది వేరొకటి. ఇల్లు వెతకాలి, దొంగ రేషన్ కార్డులు సంపాదించాలి, నెలనెలా వెళ్లి చూడాలి, అనుమానం వస్తే రాత్రికి రాత్రి ఇల్లు మార్చాలి. ఖర్చుల కోసం ఉట్రెక్ట్ బృందం ప్రతిఘటన కవిత ఒకదాన్ని రహస్యంగా అచ్చువేసి అమ్మింది. జుట్టు రంగును బట్టి ఊరు నిర్ణయించేవారు: బంగారు రంగు జుట్టున్న పిల్లలు ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌కు, నల్లజుట్టు పిల్లలు దక్షిణాన లింబర్గ్‌కు. లింబర్గ్‌లోని టీన్‌రాయ్ అనే చిన్న ఊరిలో బాలింతలకు సేవచేసే హానా వాన్ డె వోర్ట్ వందకు పైగా పిల్లలకు చుట్టుపక్కల ఇళ్లలో చోటు చూపింది. అదే సమయంలో, దాక్కున్న యూదులను పట్టిచ్చినవారికి మనిషికి ఏడున్నర గిల్డర్లు (అప్పటి డచ్ నాణెం) ముట్టేవి. డబ్బు కోసం ఆ వేట వృత్తిగా చేసిన ముఠా కొద్ది నెలల్లోనే వేలమందిని అప్పగించింది.

1943 జూలైలో పిమెంటెల్‌ను పట్టుకుపోయారు. సెప్టెంబరులో ఆష్విట్జ్ మరణ శిబిరంలో చంపారు. ఆ నెల 29న సంరక్షణాలయాన్ని ఖాళీ చేయించారు. అంతకుముందు చివరిసారిగా ఎవరిని తీసుకుపోవాలో ఎంచవలసిన స్థితిలో వాన్ హుల్స్ట్ పన్నెండు మందిని తీసుకువెళ్లారు. పదమూడో పిల్లవాడిని ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్న తనను జీవితాంతం వదలలేదని ఆయన అన్నారు. సుస్కిండ్‌కు పారిపోయే అవకాశాలు లేకపోలేదు. భార్య, కూతురితో సహా అతడిని తరలించారు. భార్యను, కూతురిని 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌లో హతమార్చారు. సుస్కిండ్ 1945 ఫిబ్రవరిలో మరణించినట్లు నమోదైంది. వోర్ట్‌మన్ బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో చనిపోయాడు. యాప్ మూష్‌ను 1944లో కాల్చి చంపారు. ఉట్రెక్ట్ బృందానికి చెందిన హెటీ వౌట్, గిసెలా జోన్‌లైన్ అనే ఇద్దరు యువతులు రావెన్స్‌బ్రూక్ శిబిరం నుంచి బతికి బయటపడ్డారు.

ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ, ప్రాణాలకు తెగించి యూదులను కాపాడిన యూదేతరులకు 1963 నుంచి గౌరవ బిరుదు ఇస్తోంది. వాన్ హుల్స్ట్‌తో సహా దాదాపు 6,000 మంది డచ్ పౌరులు దాన్ని పొందారు. సంఖ్యలో పోలండ్ తరువాతి స్థానం నెదర్లాండ్స్‌దే. నిర్వచనం వల్లనే పిమెంటెల్‌కు, సుస్కిండ్‌కు, ఆ ఆయాలకు ఆ జాబితాలో చోటు లేదు. తోటివారిని కాపాడుకోవడం ఎలాగూ వారి కర్తవ్యమేనన్నది ఆ నియమం వెనుక ఉన్న వాదన. ఈ వాదన నాకు సమంజసంగా తోచదు. కాగితం మీద ఒక్క పేరు చెరిపినందుకు తన కుటుంబమే మరుసటి రైలెక్కవలసి వచ్చే మనిషి పడిన ప్రమాదం, ఊరిలో ఇల్లిచ్చిన మనిషి పడిన ప్రమాదం కంటే తక్కువని ఎలా అనగలం? తోటి యూదులను కాపాడిన యూదులను వేరుగా గౌరవించే ప్రశంసాపత్రాన్ని బ్నైబ్రిత్ అనే యూదు సంస్థ 2011లో ప్రారంభించింది. 2024 మార్చిలో నెదర్లాండ్స్ జాతీయ హోలోకాస్ట్ మ్యూజియం ఆ పాత శిక్షణ కళాశాల భవనంలోనే తెరుచుకుంది.